వీడియోలో చేపలమ్మే అక్క

“చదువు మధ్యలో మానేసినావు గాబట్టే, ఫోన్లో ఎవురేం చెప్పినా నమ్మేస్తావురా” అని నిన్న మా అక్క తిట్టింది. కాదక్కా. ఆ వీడియోలో డాక్టరు తెల్లకోటు చూసి నేను నమ్మలేదు, అది ఎవరైనా కొనుక్కుంటారు. ఆయన పక్కన కూర్చున్న చేపలమ్మే ఆమెను చూసి నమ్మాను. గంప ముందు పెట్టుకుని, అచ్చం మన ముత్తుకూరు మాటల్లో, ఆకుల కషాయంతో తన పదేళ్ల షుగరు పోయిందని చెప్పింది. మన మనిషి మనతో అబద్ధం ఎందుకు చెబుతుందనుకున్నాను. అమ్మకు ఆ కషాయం మొదలుపెట్టి, షుగరు మాత్రల డబ్బా నేనే తీసి అటక మీద పెట్టాను. మూడు వారాలైంది. అమ్మ కాలి మీద పుండు మానడం లేదు.

ఈ రోజు మధ్యాహ్నం ఆ వీడియోలో చేపలమ్మే ఆమే నా ఆటో ఎక్కింది. గొంతు వినగానే గుర్తుపట్టాను. మందుల షాపు దగ్గర ఆపమంది.

“ఏం మందులక్కా?”

“షుగరు బిళ్లలబ్బయా. అయి మింగకుంటే ఒళ్లు తూలతాది.”

“మరి కషాయంతో పోయిందని వీడియోలో చెప్పినావే?”

“ఓ, అదా! ఆ కషాయం నేనేడ తాగినా? చెప్పమన్నారు, చెప్పినా. బాగా చెప్పినానా?”

నవ్వుతూనే అడిగింది. బాగానే చెప్పావక్కా, మా అమ్మ మూడు వారాలు తాగింది.

మీరైతే ఎవరిని చూసి నమ్ముతారో కింద రాయండి, నాకైతే ఇంక తెలియడం లేదు. ఆస్పత్రికి పోదామని అమ్మ ఆటోలో కూర్చుని హారన్ కొడుతోంది. పోవాలి.