వస్తాదు నోరు

మా ముసలాళ్ళ వార్డులో అక్క అంటే ఒక్కతే. మిగతా ఆయాలందరం ఆమెకి "ఒసే"లమే. మంచం దిగలేని వాళ్ళ నోళ్ళు కడగడం ఇరవయ్యేళ్ళుగా ఆమె పని. ఆమె నోటికి జడవని డాక్టరు కూడా లేడు.

ఒక పొద్దున నోరు కడుగుతుంటే మంచం మీది వస్తాదు ఆమె వేలు కొరికేశాడు. మామూలుగా కాదు, ఎముక కనపడింది. ఒకప్పుడు కుస్తీ నేర్పిన మనిషి. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయినా కుడిచెయ్యి మాత్రం ఇనుమే. రెండు నెలలుగా నోరు కడగబోతే చాలు, గుద్దేవాడు, రక్కేవాడు. మిగతా వేళల్లో పిల్లిలా పడుండేవాడు. అదేం చోద్యమో మేమెవరం ఆలోచించలేదు. ఇప్పటికే ఒకసారి ఊపిరితిత్తులు చీముపట్టి చావు దాకా వెళ్ళొచ్చాడు. ఇంకోసారి వస్తే దక్కడని డాక్టరమ్మ ముందే చెప్పింది.

అక్కని కుట్లకి పంపించి సూపర్‌వైజరు మా మీద అరిచాడు. "ఆ చెయ్యి మంచానికి కట్టెయ్యండి. నోటి జోలికి పోకండి. తినేది ముక్కు గొట్టంతో. ముద్దే పోని నోట్లో కడిగేదేముంది?"

మాకూ సబబుగానే తోచింది. హమ్మయ్య అనుకున్నాం. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ చెయ్యి కట్టింది నేనే.

నాలుగో రోజు అక్క వేలికి కట్టుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంటే ఈ కంపు?"

వస్తాదు నాలుక ఎండిన తోలులా అంగిలికి అతుక్కుపోయింది. దాని మీద పచ్చగా, మందంగా చెక్కు. ఒళ్ళు కాలిపోతోంది, గుండెల్లో గరగర. సూపర్‌వైజరు అన్న మాట చెప్పాను. అక్క వెనక్కి తిరిగి, అప్పుడే లోపలికొస్తున్న అతని కాలరు పట్టుకుని గోడకేసి కొట్టింది.

"తినని నోరే ముందు చెడుతుందిరా సన్నాసీ! నమిలితే ఉమ్మి ఊరుతుంది, ఊరితే క్రిములు కొట్టుకుపోతాయి. ఎండిపోతే అక్కడే పెరిగి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. చంపేశావు కదరా మనిషిని!"

రెండోసారి కూడా కొట్టింది. డాక్టరమ్మ పరుగున వచ్చి విడిపించింది. వస్తాదు నోరు చూసి, చొంగ కారకుండా ఇస్తున్న బిళ్ళ నోటిని ఇంకా ఎండగడుతోందని ఆ పూటే ఆపించి, సూదిమందులు మొదలుపెట్టింది.

"కట్టు విప్పవే," అంది అక్క.

"చంపేస్తాడక్కా!"

"చంపనీ."

విప్పాను. అక్క నోరు కడిగే మందులో గుడ్డ ముంచి నాలుకకి తాకించిందో లేదో, పిడికిలి వచ్చి ఆమె మూతి మీద పడింది. పెదవి చిట్లి రక్తం కారింది. కిక్కురుమనలేదు. చేతిలోని గుడ్డతోనే రక్తం ఒత్తుకుంది, అప్పుడు కేక పెట్టింది. మందు సీసా చేతిలోకి తీసుకుంది.

"ఒసే, ఇది మండుతోందే."

"మందన్నాక మండదా అక్కా?"

"చిట్లిన పెదవికే ఇలా ఉంటే, ఎండి చీలిన నాలుకకి ఎలా ఉంటుందే? రెండు నెలలు పూటపూటా పోశానే! ఇరవయ్యేళ్ళ అనుభవమట, తగలెయ్య! పాపిష్టిదాన్ని, నేనే కాల్చాను కదే ఆయన నోరు!"

సీసా గోడకి తగిలి ముక్కలైంది.

తరువాత వట్టి మంచినీళ్ళే. నీళ్ళు గొంతులోకి జారకుండా ఆయన తల పక్కకి తిప్పి, గుడ్డ పిండి, ముందు పెదవులు, ఆ తరువాత నాలుక తడిపింది. ఆయన ఆమె జుట్టు పిడికిట పట్టి గుంజుతూనే ఉన్నాడు. అక్క మెడ వంచి పని చేసింది. గంటకి చెక్కు నాని పొరలుగా ఊడింది, అడుగున పచ్చి నెత్తురు. నేను ఆయన వేళ్ళు విడదీస్తే అక్క జుట్టు పాయ కుదుళ్ళతో సహా వచ్చింది.

రోజుకి నాలుగుసార్లు, అయిదు రోజులు అదే యుద్ధం. జ్వరం ఎక్కుతుంటే అక్కకి ముద్ద దిగేది కాదు. అయిదో రోజు సాయంత్రానికి ఒళ్ళు చల్లబడింది, గరగర తగ్గింది.

ఆరో రోజు పొద్దున అక్క మంచం మీదికి వంగి, "నోరు తెరువు వస్తాదూ," అంది. ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. బుగ్గ కదిలింది. నోట్లో ఉన్నదంతా పోగు చేసుకుని ఆమె మొహాన ఉమ్మేశాడు.

నాకు ఒళ్ళు మండి చెయ్యెత్తాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. బుగ్గ మీంచి జారుతున్నదాన్ని తుడుచుకోకుండా ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు.

"ఊరిందే! నోరు ఊరిందే! బతికాడే!"

మొహం ఇంకా దగ్గరికి పెట్టింది. "మళ్ళీ ఉమ్మయ్యా. నేను నీకు చేసినదానికి ఇది చాలదు."

ఆయన మళ్ళీ ఉమ్మాడు.