కవర్ల వరుసలో ఒక చోటు

ఇకనుంచి సగం జీతమే అన్న వార్త మా ఇంటికి చేరిన సాయంత్రం మా ఆయన మిద్దె మీద మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. కరోనా రోజులు. బడులు మూతపడ్డాయి, చేవెళ్ల రోడ్డు మీద పోలీసు జీపు తప్ప మరొకటి తిరగడం లేదు. సర్కారుకు రాబడి పడిపోయింది కాబట్టి ఉద్యోగులకు కొన్నాళ్లు సగమే ఇస్తారట అని నేను కిందినుంచి అరిచి చెప్పాను. ఆయన చేవెళ్లలో హైస్కూలు లెక్కల సారు, నేను మొయినాబాద్ మండలంలో ప్రైమరీ స్కూలు టీచర్ని. అంటే దెబ్బ ఇద్దరికీ ఒకేసారి. ఆయన పైపు పక్కన పెట్టి, రెండు సగాలు కలిపితే ఒకటి కదా, మనకు ఒక జీతం పూర్తిగా వస్తున్నట్టే అన్నాడు. లెక్కల సార్లను చేసుకోవద్దని మా చెల్లెలికి నేను ఊరికే చెప్పలేదు.

నిజానికి ఆ సగం కొన్ని నెలల ముచ్చటే. తర్వాత పూర్తి జీతం వచ్చింది, ఆపిన సగాన్ని కూడా విడతలుగా ఇచ్చారు. కానీ ఆ సంగతి మా ఊరికి చేరలేదు. ఊరంటే మా అత్తగారి ఊరే, నేను పనిచేసే బడి కూడా అక్కడే. మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ దాటి లోపలికి పోవాలి. జీతాలు సగం చేశారన్న మాట అక్కడ ఇంటింటికీ తెలిసింది, తిరిగి ఇచ్చారన్న మాట ఎవరి చెవినా పడలేదు. నా పేరు కాస్తా సగం జీతం టీచరమ్మ అయిపోయింది. షేర్ ఆటో అన్న కూడా, "సగం జీతం టీచరమ్మ ఎక్కుతున్నది, జర జరుగుండ్రి" అని నాకు చోటిప్పించేవాడు. మా అత్తమ్మ అయితే శనివారం వచ్చిందంటే సంచి నిండా టమాటలు, వంకాయలు, చిక్కుడుకాయలు కట్టిచ్చి, సగం జీతంతో ఏం తింటున్నారో ఏమో అని కళ్లు తుడుచుకునేది. నేను సర్దిచెప్పబోతే మా ఆయన కాలు తొక్కేవాడు. టమాటలు నిజంగానే బాగుండేవి.

ఆ బడిలో నేను, ఇంకొకామె, ఇద్దరమే టీచర్లం ఉండేవాళ్లం. నేను పెద్ద టీచరమ్మను, ఆమె చిన్న టీచరమ్మ. ఆమెది ఆ ఊరే. టీచర్ ట్రైనింగ్ చేసి, పోస్టులు పడతాయని ఎదురుచూస్తూ విద్యా వలంటీరుగా చేరింది. రెగ్యులర్ టీచర్లు చాలని చోట ఏడాదికోసారి ఆర్డర్ ఇచ్చి, కొద్దిపాటి గౌరవ వేతనం మీద పెట్టుకునే వాళ్లే వలంటీర్లు. ఆ వేతనమైనా వానలాగే, వచ్చినప్పుడు వచ్చినట్టు. ఆమె మాత్రం ఒక్కరోజు ఆలస్యంగా వచ్చిన పాపాన పోలేదు.

ఒకటో తరగతి పిల్లలు ఆమె సొత్తు. జూన్‌లో కొత్తగా చేరిన పిల్లలు గేటు పట్టుకుని ఏడుస్తుంటే నేను బిస్కెట్లు, బుజ్జగింపులు, చివరికి కసుర్లు అన్నీ వాడేదాన్ని. ఆమె వాళ్ల వైపు చూసేదే కాదు. వరండాలో బాసింపట్టు వేసుకుని, చింతగింజలు ముందు పోసుకుని తనకు తానే ఆడుకునేది, అదీ తప్పుల తడకగా. కాసేపటికి ఏడుపు ఆగేది. ముక్కు తుడుచుకుంటూ ఒక్కొక్కరే వచ్చి, అట్ల కాదు టీచర్ అని ఆమెకు ఆట నేర్పడం మొదలుపెట్టేవాళ్లు. నేను అంత సర్వీసులో అలాంటి ఉపాయం ఒక్కటి కూడా కనిపెట్టలేకపోయాను, ఆ మాట ఆమెతో చాలాసార్లు అన్నాను.

బడులు మళ్లీ తెరిచినప్పుడు పిల్లలు వచ్చారు, ఆమె ఆర్డర్ రాలేదు. ఖర్చు తగ్గించుకునే లెక్కలో వలంటీర్లను పక్కన పెట్టారు, బడి ఊడ్చే ఆమెను కూడా తీసేశారు. చిన్న టీచరమ్మ కొన్నాళ్లు ఇంట్లో కూర్చుంది, ఆ తర్వాత మొయినాబాద్ వైపు రోడ్డు మీద ఉన్న గులాబీల షెడ్డులో కూలికి కుదిరింది. తెల్లటి ప్లాస్టిక్ కప్పిన పెద్ద షెడ్డు అది, పొద్దున్నే పూలు తెంపి, కట్టలు కట్టి పట్నం మార్కెట్‌కు పంపుతారు. ప్రతి ఆదివారం మా ఊరి చర్చిలో ఆరాధన అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగేది, ఆర్డర్ వచ్చిందా టీచర్ అని. నేను ఒక్కటే చెప్పేదాన్ని, వచ్చే నెల అని. ఆఫీసులో ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు. కానీ ఆమె రావాలని నాకు ఎంత ఉందంటే, చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను.

ఎందుకుండదు మరి. ఐదు తరగతులకూ నేనొక్కదాన్నే మిగిలాను. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, నల్లబల్లకు నిలువు గీతలు గీసి, ఒక్కో గడి ఒక్కో తరగతికి పంచాను. ఈ చివర అఆలు, ఆ చివర భాగహారం. ఐదో తరగతిని లెక్క అడిగితే రెండో తరగతి గడుగ్గాయి ఒకడు జవాబు చెప్పేవాడు, ఐదో తరగతి మొత్తం వాడి వెనక కోరస్ అందుకునేది. ఈలోపు ఒకటో తరగతి నిద్రపోయేది, లేదంటే ఏడ్చేది. మధ్యలో ఫోన్‌లో హాజరు, మధ్యాహ్న భోజనానికి గుడ్లు వచ్చాయా లేదా, ఆఫీసు నుంచి ఏదో వివరం అర్జెంటుగా పంపమని మెసేజ్. గంట కొట్టేదీ నేనే, ఆ గంట విని పరుగెత్తేదీ నేనే.

ఊడ్చే పని కూడా నాదే. ఎవరూ చూడకముందే కానిచ్చేద్దామని పొద్దున తొందరగా పోయి, నెత్తికి చున్నీ చుట్టుకుని వరండా ఊడ్చేదాన్ని. ఒకరోజు మా అత్తమ్మ పాలు పోసి వస్తూ చూసింది. గేటు దగ్గరే నిలబడిపోయింది. "సర్కారు నౌకరని చేసుకున్నం బిడ్డా. ఇగ గిదేం నౌకరి" అంది. జీతం సగమైనప్పుడు కూడా ఆమె ముఖం అంత చిన్నబోలేదు. మర్నాటినుంచి నాకంటే ముందే వచ్చి ఊడ్చిపెట్టడం మొదలుపెట్టింది. వద్దని ఎంత పోరినా వినలేదు, నేను చీపురు దాచిపెడితే ఇంటినుంచి ఇంకోటి తెచ్చుకుంది.

జీతాలేమో ఒకటో తారీఖు మాట మరిచిపోయి, పదికో పన్నెండుకో తీరిక చూసుకుని వచ్చేవి. అలాంటి నెలలోనే మా చర్చిలో పంటల పండుగ వచ్చింది.

పంటల పండుగ అంటే మా ఊళ్లో క్రిస్మస్‌కు ఏమాత్రం తీసిపోదు. ఎవరు ఏ పని మీద బతుకుతున్నారో ఆ పని మొదటి ఫలం దేవుడికి తెస్తారు. ఆరాధన మధ్యలో రెండు వరుసలు కడతారు. ముందు పంటల వరుస, గుమ్మడికాయలు, మక్క కంకులు, పాలచెంబులు, కాళ్లు కట్టేసిన కోళ్లు. దాని వెనక మాది, నౌకరీ వాళ్ల వరుస. మాకు పంట ఉండదు కాబట్టి కవర్లో కానుక పెట్టి తెస్తాం, అందుకే దాన్ని కవర్ల వరుస అంటారు. ఆరాధన అయ్యాక తెచ్చిన పంటలన్నీ ముంగిట్లో వేలం వేస్తారు. కవర్ల వరుస వాళ్లు అడ్డగోలు ధరలకు పాట పాడి కోళ్లు కొనాలి. ఎవరూ బలవంతం చేయరు, కొనకపోతే మాత్రం ఏడాదంతా చెప్పుకుంటారు.

చిన్న టీచరమ్మ వలంటీరైన ఏడాదినుంచి నా వెనకే కవర్ల వరుసలో నిలబడేది. గౌరవ వేతనం నెలల తరబడి రాకపోయినా ఎక్కడో సర్ది ఒక కవరు తెచ్చేది. మొదటిసారి నిలబడ్డప్పుడు వాళ్ల అవ్వ పంటల వరుసలోంచి వెనక్కి తిరిగి తిరిగి చూసి, చేతిలో గుమ్మడికాయ జారవిడిచింది. వాళ్లింట్లో ఆ వరుసలో నిలబడ్డ మొదటి మనిషి ఆమె.

ఈసారి పండుగకు వారం ముందు ఆమె నాకొక సంగతి చెప్పింది. షెడ్డు ఓనర్ ఆమెను సూపర్‌వైజర్‌గా పెట్టుకుంటానన్నాడు. నెలనెలా జీతం, అదీ చెప్పిన రోజుకే. ఒక్కటే షరతు, ఒప్పుకుంటే మధ్యలో బడి అని వెళ్లిపోకూడదు. పండుగ అయిన మర్నాడు ఏదో ఒక మాట చెప్పాలి. ఏం చేయమంటారు టీచర్ అని అడిగింది. పండుగ రోజు మాట్లాడుకుందాం, తొందరపడకు అన్నాను. ఒక్క నెల ఆగమని ఎలా చెప్పాలో వారమంతా షేర్ ఆటోలో మనసులోనే రిహార్సల్ చేసుకున్నాను.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పాస్టర్ అయ్యగారు ప్రార్థన ముగించగానే అందరం లేచాం. నేను కవర్ల వరుసలో నిలబడి, వెనక ఒక మనిషి పట్టేంత చోటు వదిలాను. పంచాయతీ ఆఫీసులో పనిచేసే అన్న ఆ చోటులోకి రాబోతే ఆపి, చిన్న టీచరమ్మ వస్తుంది అన్నాను. జీతం ఇంకా పడలేదు, నా కవరు పల్చగా ఉంది. అది ఎవరికీ కనపడకుండా బైబిల్లో పెట్టుకుని తలుపు వైపు చూస్తున్నాను.

ఆమె వచ్చింది. తెల్ల చీర, చేతుల నిండా కాగితం చుట్టిన ఎర్ర గులాబీలు. నా వైపు చూసింది, నేను వదిలిపెట్టిన చోటు కూడా చూసింది. చిన్నగా నవ్వి, ముందుకు నడిచి, పంటల వరుసలో వాళ్ల అవ్వ పక్కన నిలబడింది.

వారమంతా తయారుచేసుకున్న మాటలు ఇక ఎందుకూ పనికిరావని తెలిసిపోయింది. వెనకనుంచి పంచాయతీ అన్న, ఇగ నేను రావొచ్చా టీచరమ్మా అని మెల్లగా అడిగాడు. రమ్మన్నాను.

వేలంలో కోళ్లు, గుమ్మడికాయలు చకచకా పోయాయి. గులాబీల దగ్గర ఆగింది. వండుకునేవి కావు, కోసుకునేవి కావు, ఎంతకు పాడాలో ఎవరికీ అంతుపట్టలేదు. మైకు పట్టుకున్న సంఘ పెద్ద ఒకటికి రెండుసార్లు అడిగాడు. చిన్న టీచరమ్మ తల వంచుకుని పైట అంచు చుట్టుకుంటోంది. నేను చెయ్యెత్తి పాడాను. మా అత్తమ్మ నా మోచేయి గిల్లింది, మగవాళ్ల వైపునుంచి మా ఆయన ఆకాశం కేసి చూడసాగాడు. సగం జీతం టీచరమ్మే పూర్తి ధర పాడిందని సంఘ పెద్ద మైకులో అనేసరికి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. జీతం పడ్డాక ఇస్తానని చెప్పి పూలు తీసుకున్నాను.

భోజనాలప్పుడు చేతులు కడుక్కునే చోట ఆమె నా పక్కకు వచ్చింది. వేళ్లనిండా ముళ్ల గీతలు. రేపే ఒప్పుకుంటున్నానని చెప్పింది, బాధగా ఏం చెప్పలేదు, వాళ్ల అవ్వకు మందులు ఇక అప్పు లేకుండా వస్తాయని కూడా చెప్పింది. మంచిపని చేశావన్నాను, నిజంగానే అన్నాను. ఆమె నల్లా కట్టేసింది.

"టీచర్, రేపు ఎప్పుడన్న ఆర్డర్ వస్తే నాకు చెప్పకుండ్రి," అంది. "చెప్తే వచ్చేస్త."

మళ్లీ జూన్ వచ్చింది. ఒక శనివారం మొయినాబాద్‌లో టీచర్ల మీటింగ్ అయ్యాక అత్తమ్మ ఇంటికి షేర్ ఆటోలో పోతున్నాను. టీచర్ల గ్రూపులో అప్పుడే ఒక మెసేజ్ వచ్చింది, వలంటీర్లను మళ్లీ తీసుకునేలా ఉన్నారు, పాతవాళ్లలో ఇష్టమున్న వాళ్ల పేర్లు తెలుసుకుని ఉంచండని. ఉత్త మాటే కావచ్చు. కానీ నా గుండె ఒక్కసారి లేచి కూర్చుంది. బడిలో ఆ వారమంతా ఒకటో తరగతి ఏడుస్తూనే ఉంది మరి.

గులాబీల షెడ్డు దగ్గర ఆటో ఆగింది. ఆమె ఎక్కి నా పక్కనే కూర్చుంది. మెడలో షెడ్డు కార్డు, చీరకు తడి ఆకుల వాసన. ఫోన్ నా చేతిలో తెరిచే ఉంది.

"ఒకటో తరగతి పిల్లలు ఏడుపు ఆపిండ్రా టీచర్?" అని అడిగింది.

ఆపేశారు, చింతగింజల ఆటలో నన్ను రోజూ ఓడిస్తున్నారు అని చెప్పాను. ఆమె నవ్వింది, నవ్వి చాలాసేపు బయటికి చూసింది. నేను ఫోన్ సంచి అడుక్కు తోసి, ఇప్పుడు గులాబీల ధర ఎట్లా ఉందని అడిగాను.