రాళ్ళకు కాపలా

రెండువేల సంవత్సరంలో నేను గార్లదిన్నె దగ్గర మా ఊళ్ళో పదో తరగతి చదువుతున్నాను. ఉన్నట్టుండి బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడసాగాయి. సారు వాడే సుద్దముక్కలు నాసిరకమనుకున్నాను.

దసరా సెలవుల్లో ఒకరోజు నాయన గొర్రెలను నాకు అప్పజెప్పి అన్నానికి ఇంటికెళ్ళాడు. గుట్ట కింద అవన్నీ బుద్ధిగా పడుకుని ఉన్నాయి కదా అని నేను వేపచెట్టు నీడన సోషల్ పుస్తకం తెరిచాను.

కాసేపటికి పక్క చేను సుంకమ్మవ్వ కట్టె పట్టుకుని వచ్చింది.

"మీ గొర్రెలు నా చెనిక్కాయ చేన్లో పడి మేస్తాండాయి. నువ్వు ఈడ రాళ్ళకు కాపలా కూచున్నావా పాపా?"

దగ్గరికి పోయి చూస్తే నిజంగానే రాళ్ళు. నాకు తల కొట్టేసినట్టయింది. నాయన తిడతాడనుకుంటే, అవ్వతో పాటు ఆయనా పడీపడీ నవ్వి, మర్నాడే అనంతపురంలో కంటి డాక్టరుకు చూపించాడు.

ఇప్పుడు ఏటా కళ్ళు పరీక్ష చేయించుకుంటాను. బోర్డు కనబడకపోతే సుద్దముక్కను తిట్టుకుంటూ కూర్చోకుండా ఇంట్లో చెప్పమని మా పిల్లలకు చెబుతుంటాను. నాయన మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా మొదట అదే అడుగుతాడు.

"ఏం పాపా, రాళ్ళు రాళ్ళ మాదిరే కనపడతాండాయా?"