కప్పల పెండ్లిలో శాక్సఫోను

వానలు మొహం చాటేసిన ఆ యేడు మా ఊళ్లో కప్పలకు పెండ్లి చేశారు. గుమ్మఘట్ట దగ్గరి మా పల్లెలో మైకుసెట్టు నాది. కప్పల గంప బావి చేరేదాకా పాట ఆగకూడదు. ఆగితే వాన దారిలోనే వెనక్కి తిరిగిపోతుందని మావాళ్ల నమ్మకం. ఊరి పెద్దాయన ముందే హెచ్చరించాడు.

"పాట నిలిచిందంటే జాతరకు రాయదుర్గం మైకోణ్ణి పిలిపిస్తా. నీ గొట్టాలు మిద్దెమింద ఎండబెట్టుకో."

ఆ జాతరే నా ఏడాది బతుకు.

ఊరేగింపు కదిలిందో లేదో, సినిమా పాటల క్యాసెట్టును యంత్రం పరపరా నమిలేసింది. బయటికొచ్చిన టేపుతో గుత్తి కోటను చుట్టి ముడేయొచ్చు. బండిమీద చేతికి దొరికింది ఇంకొక్కటే: బెంగళూరులో ఉండే మా బావ ఎక్కించి పంపిన జాజ్ ఆల్బమ్. అదే తోసేశాను.

దూరదేశంలో ఎవరో అయిదుగురు చేసిన ఆల్బమ్ అది. పాడేవాడు లేడు. గిటారు ఒకే ముక్కను పట్టుకుని, మా చెక్కభజనవాళ్ల మాదిరి మెల్లగా మొదలై, ఊపు పెంచుకుంటూ పోతుంది. డ్రమ్ములు రేకులమీద చినుకులు. శాక్సఫోను తప్పిపోయిన గొర్రె కోసం కాపరి వేసే కేక. స్టూడియోలో కుర్చీ కిర్రుమన్నా వాళ్లు తుడిచేయలేదు. అందుకే మా నడవలో కూర్చుని వాయిస్తున్నట్టుండేది.

"ఇదేం పాటప్పా, పాడేటోడు యాడికి పోయినాడు?" అంది గంప మోస్తున్న అవ్వ.

"నీళ్లు తాగేకి పోయినాడు లేవ్వా, వస్తాడు."

కుర్రకారు అప్పటికే అడుగులేస్తున్నారు. నా దడ వేరే. ఆ పాట నడుమ, మోత తారస్థాయికి చేరాక, అందరూ ఒక్కసారిగా ఆపేస్తారు. చాలాసేపు శుద్ధ నిశ్శబ్దం. ఇంట్లో ఆ చోటుకే ప్రాణం పెట్టేవాణ్ణి. అంత మోగించినవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలంటే ఎంత ధైర్యం కావాలి! ఇప్పుడా ధైర్యమే నా కొంప ముంచబోతోంది. టేపు ముందుకు తిప్పుదామన్నా, తిప్పినంతసేపూ పాట ఆగినట్టే.

ఆగింది.

పెద్దాయన వెనక్కి తిరిగాడు. "ఏమప్పా..."

అప్పుడు గంపలో, వేపాకుల కింద, పెండ్లికొడుకు నోరు విప్పాడు. బెక్. కాసేపాగి, బెకబెక. దాని వెనకే శాక్సఫోను బొంగురుగొంతుతో లేచింది.

"కప్పకు బదులు పలుకుతాండాది సూడండ్రా!" అని అవ్వ కేక పెట్టింది. ఈలలు మోగాయి. పెద్దాయన నా గొట్టానికి దండం పెట్టాడు. బావి దాకా పాట మళ్లీ ఆగలేదు.

కప్పల్ని బావిలో వదిలాక ఆయన నా బండి దగ్గరికొచ్చాడు. "జాతరకు నువ్వే రా. ఆ కప్పతో మాట్లాడే క్యాసెట్టు మరిచిపోవాకు."

వాన సంగతా? నేను చెప్పే కథలో ఆ సాయంత్రమే కురిసింది. మా ఆవిడ చెప్పే కథలో లేదు.

తర్వాత ఆ ఆల్బమ్ సీడీ సంపాదించాను. శబ్దం కడిగిన ముత్యంలా ఉంది. అయినా ఆ నిశ్శబ్దం దగ్గర ఇప్పటికీ చెవి రిక్కిస్తాను. ఆ మహానుభావులు ఆరోవాడికి చోటు వదిలి మరీ వాయించారు. వాడు మా బావిలో ఉన్నాడని వాళ్లకెవరు చెబుతారు?