పిట్టు స్టాపు మామ

మునికృష్ణ మామ చెప్పే సినిమాలో ఎవరూ పస్తు ఉండరు. సినిమాకు ఒక్కడే పోతాడు, తిరిగొచ్చి వీధికంతా కథ చెబుతాడు, ఆ కథలో అందరికీ అన్నం పెడతాడు. హీరో పెరుగన్నం తిని చెయ్యి కడుక్కున్నాకే పగ తీర్చుకోవడానికి బయలుదేరుతాడు. దయ్యమైనా సరే, ఇల్లాలు పెట్టిన పులుసు బాగుందని మెచ్చుకుని అప్పుడు గానీ గొంతు పట్టుకోదు. తెర మీద ఇవేవీ ఉండవని అందరికీ తెలుసు. అయినా తిరుత్తణిలోని ఆ నేతగాళ్ళ వీధిలో అసలు సినిమా కంటే మామ సినిమాకే గిరాకీ ఎక్కువ.

వావివరసలతో పనిలేకుండా ఆయన అందరికీ మామే. ఆయుష్షంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసిన మనిషి. కారు ముందు సీట్లో జన్మలో ఒక్కసారే కూర్చున్నాడు, అప్పుడు కూడా సీటు బెల్టును ఉత్తరీయంలా భుజాన వేసుకున్నాడు. అలాంటి మనిషి కారు పందేల సినిమా కథ చెప్పి కోకిల చేత కంటతడి పెట్టిస్తే, కార్లే ప్రాణంగా బతికే ఆమె మొగుడు, మెకానిక్కు సుభాష్‌కు ఒళ్ళు మండదా మరి?

మండింది. ఆ ఇంగ్లీషు సినిమా తమిళంలో ఎప్పుడొస్తుందా అని అతను కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూశాడు. రాగానే తిరువళ్ళూరు పోయి చూద్దామని కోకిలను బతిమాలాడు.

"కార్లంటే పడనోళ్ళకు దాంట్లో ఏముంది బావా?" అంది కోకిల. "ఇంట్లో గ్రీసు వాసన చాల్లేదని డబ్బిచ్చి ఆడ గూడా చూడాల్నా?"

"ఇంజిను సౌండు ఒకతూరి విను. నీకే తెలుస్తాది."

"నేను కట్టిచ్చే క్యారియరు మూత తియ్యకుండానే తిరిగొస్తా ఉంది. నువ్వు ముందు దాని సౌండు విను."

ఆమె రాకపోతే తానూ చూడనని సుభాష్ పంతం పట్టాడు. తనకు ప్రాణమైనది ఆమెకు పిసరంతైనా నచ్చాలని అతని ఆశ. ఈలోగా మామ కరెంటు రైలెక్కి తిరువళ్ళూరు పోయి ఆ సినిమా చూసి వచ్చేశాడు.

సాయంత్రం సుభాష్ ఇంటికి వచ్చేసరికి అరుగు మీద కథ నడుస్తోంది. కోకిల, ఎదురింటి సుగంధి నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

"పందెం మాంచి జోరుమీద ఉండాది. ఉన్నట్టుండి మనోడు బండిని పక్కకు తిప్పినాడు. ఎందుకు? పిట్టు స్టాపు!"

"అట్లంటే ఏంది మామా?" అంది కోకిల.

"పిట్టు పెట్టే తావు. అంత వేగంగా తోల్తే ఆకలెయ్యదా? బెల్లమూ టెంకాయా వేసి, పొగలు కక్కే బియ్యప్పిండి పిట్టు!"

"అయ్యో పావం, నల్లా సాప్పిడట్టుం," అని సుగంధి తమిళంలో దీవించింది, బాగా తిననీ అని.

సుభాష్ తల పట్టుకున్నాడు. "మామా, అది తినే పిట్టు కాదు! పిట్ అంటే గుంట. టైర్లు మార్చే తావు!"

"గుంటలో కూచోనే కదరా నేను ఇంతకాలం నేసింది. ఆకలేస్తే ఆడ తినలేదా?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నవ్వింది మామను చూసి కాదు, సుభాష్‌ను చూసి.

"అందరూ తింటా ఉండారు," మామ గొంతు తగ్గించాడు. "ఒకడు మాత్రం తినలా. వాడే టైరు తంగరాజు."

"దొరల సినిమాలో తంగరాజు యాడినుంచి వచ్చినాడు?" అని సుభాష్ అడ్డు తగిలాడు.

"వాడి పేరు నాకు నోరు తిరగలా. నేనే పెట్టినా. ఈ తంగరాజు బండి కింద దూరితే వాడికి లోకమే తెలీదు. పెండ్లాం కట్టిన క్యారియరు మేకుకు అట్లనే వేలాడతా ఉంటాది. ఒకతూరి పెండ్లికూతుర్ని తీసకపోవాల్సిన కారుకు బ్రేకు సరిగా లేదని తాళంచెవి దాచేసినాడు. పెండ్లోళ్ళు తిట్టినారు, కొట్టను వచ్చినారు. ఇచ్చినాడా? ఇవ్వలా. బ్రేకు బాగుచేసినాకనే ఇచ్చినాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పినాడా? అదీ లేదు. ఇంజిను సంగతి తప్ప ఇంకోటి చెప్పను రాదు వాడికి."

కోకిల కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఎంత మంచోడు మామా!"

"అదేమంత గొప్ప?" అన్నాడు సుభాష్. "బుద్ధుండే మెకానిక్కు ఎవుడైనా అదే చేస్తాడు."

"నీకేం తెలుసు తంగరాజు సంగతి?" అని కోకిల కసురుకుంది.

అప్పటిదాకా సుభాష్ అసూయ మామ మీదే ఉండేది. ఇప్పుడది ఊరూ పేరూ లేని టైరువాడి మీదికి మళ్ళింది. ఇంట్లో ఏ మాట మొదలైనా తంగరాజు దగ్గరే తేలుతోంది. రసం పోస్తూ కోకిల ఆగిపోయేది. "వాడు తిన్నాడో లేదో పాపం" అనేది. సుభాష్ ఒకరోజు పరాకుగా అడిగినట్టు మామను అడిగాడు, తంగరాజుకు మీసం ఉందా అని.

"ఉండాది. సన్నంగా, కత్తిరించినట్టు," అన్నాడు మామ.

మర్నాడు సుభాష్ మీసం సన్నబడింది. కోకిల గమనించనైనా లేదు.

పెళ్ళయ్యాక ఎన్నడూ షెడ్డు గడప తొక్కని కోకిల, ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం క్యారియరు తానే పట్టుకుని వచ్చి, దగ్గర కూర్చుని వడ్డించింది.

"ఏంది ఈ కొత్త?" అన్నాడు సుభాష్.

"తంగరాజు పెండ్లాం గూడా ఇట్ల పోయుంటే వాడు తినుండేవాడు గదా అనిపించింది."

అన్నం తనకు, తలపు తంగరాజుకు! సుభాష్ కలిపిన ముద్దను మళ్ళీ గిన్నెలోనే పెట్టేశాడు. పైగా ఆమే అంది, "ఆ సినిమాకు పోదాం బావా, వాణ్ణొకసారి చూడాల." అన్నాళ్ళు కోరుకున్న మాటే. వినగానే ఏడుపొచ్చింది.

తిరువళ్ళూరులో ఆ సినిమా నడిచినంతసేపూ సుభాష్ ఒక్క కారునూ చూడలేదు. బండి పక్కకు తిరిగినప్పుడల్లా ముందుకు వంగి తన పోటీదారుణ్ణి వెతికాడు. హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళు బిలబిలా వచ్చి, రెప్ప వేసేలోగా టైర్లు మార్చి పోయేవారు. పిట్టు లేదు, పెళ్ళి లేదు, తంగరాజు అసలే లేడు. కోకిల మాత్రం ఆ హెల్మెట్లవాళ్ళు వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. కార్లంటే పడని మనిషి ఆ సినిమాను కళ్ళార్పకుండా చూసింది.

తిరుత్తణిలో రైలు దిగి ఆమెతో నేరుగా మామ అరుగుకే పోయాడు.

"మామా! సినిమా అంతా వెతికినా. యాడ నీ తంగరాజు?"

"నువ్వు బండ్లే చూస్తావు. మనుషులు నీకు యాడ కనపడతారు?"

"ఒక్క బండీ చూళ్ళా! వాడికోసరమే చూసినా!"

మామ వక్క నములుతూ తాపీగా అడిగాడు. "వెనకవీధి పొన్నమ్మ కూతురు పెండ్లికారు తాళంచెవి యాడ దాచినావురా?"

"పాత బ్యాటరీ వెనక," అన్నాడు సుభాష్ టక్కున. ఆ తర్వాత తెరిచిన నోరు మూతపడలేదు.

"నువ్వా బావా?" అంది కోకిల.

"నా బిడ్డను కాపాడినాడని పొన్నమ్మ అందరికీ చెప్పి ఏడ్చింది, నీకు తెలిసే ఉంటాదని నీకు తప్ప," అన్నాడు మామ. "వీడు చెప్పడు. నేను ఉన్నదున్నట్టు చెప్తే, నీ మొగుణ్ణి వెనకేసుకొస్తా ఉండానంటావు. సినిమాలో పెడితే వింటివి గదా!"

కోకిల మొగుణ్ణి ఎగాదిగా చూసింది. ఆ మీసం ఆమెకు ఇప్పుడు కనిపించింది. సుభాష్ ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

"బాగనే ఉండావులే," అంది చివరికి. "అయితే తంగరాజు ఇంకొంచెం పొడుగు."

సుభాష్ మామ రెండు చేతులూ పట్టుకున్నాడు. "మామా, నీకు దండం పెడతా. ఈసారి కత చెప్తే వాణ్ణి వేరే ఊరికి బదిలీ చెయ్యి!"