పిచ్చుకలకి భోం నేర్పిన కోడలు

కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకి జాలిగుండె ఉందని తెలిస్తే ఇరుగుపొరుగు తలుపులు వేసుకోవాలి. నాకు ఉండేది, అదీ మోతాదుకి మించి. దానితో ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో ఒక వరస ఇళ్ళని ఎలా అతలాకుతలం చేశానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. అప్పట్లో నవ్విన మనిషి మా ఆయన ఒక్కడే, అదీ దుప్పటి ముసుగులో.

ఎనభైల చివరి సంగతి. మాది సోంపేట దగ్గర పల్లె. పెళ్ళయి ఇక్కడ దిగేసరికి తెలిసింది, ఈ ఊరిని నడిపించేది భోం అని. భోం అంటే వర్క్‌షాపు సైరన్. అది కూస్తే మగాళ్ళు సైకిళ్ళెక్కుతారు, మళ్ళీ కూస్తే అన్నానికి వచ్చి పడతారు. మా అత్త పొయ్యి మీద ఎసరు కూడా దాన్ని అడిగే పొంగేది. నేను ఇంకో అడుగు ముందుకేశాను. మధ్యాహ్నం భోం కూయగానే పెరటి గోడ మీద పళ్ళెం నిండా నూకలు, మిగిలిన అన్నం పెట్టేదాన్ని. కొన్నాళ్ళకి పిచ్చుకలు, గోరింకలు, పావురాలు, ఆ చుట్టుపక్కల కాకులన్నీ భోంకి హాజరు వేయించుకోవడం మొదలెట్టాయి. ఇంటికెవరొచ్చినా పెరట్లోకి లాక్కెళ్ళి, చూడండి నా మాట ఎలా వింటాయో అని సర్కస్ కంపెనీ ఓనరులా నిలబడేదాన్ని. ఆ పళ్ళెం కడగాలన్న ఊహ మాత్రం ఒక్కనాడూ రాలేదు.

గోడకి అవతల ఇల్లు మేరీ పిన్నిది. తాతల నాడే ఈ ఊరొచ్చి రైల్వేలో స్థిరపడిన తెలుగు క్రైస్తవుల కుటుంబం. గోడవారనే ఇనప వల కట్టి కోళ్ళు పెంచేది. ఆ ఏడే కూతురి పెళ్ళి చేసింది, క్రిస్మస్‌కి విశాఖపట్నం నుంచి వియ్యంకులు మొదటిసారి వస్తున్నారు. అందుకని ఆ కోళ్ళని పేరుపేరునా మేపుతోంది. పేర్లంటే వాటివి కావు, తినేవాళ్ళవి. ఇది వియ్యంకుడిది, ఇది అల్లుడిది, ఆ లావుపాటి ఎర్రది వియ్యపురాలిది అని నాకు వేలు పెట్టి చూపించేది. ఆవిడ పరువంతా ఆ వల లోపలే తిరుగుతూ ఉండేది.

చలి మొదలవుతుండగా ఊరి చివర సాలువా వైపు కోళ్ళకి కొక్కెర తెగులు తగిలిందని కబురొచ్చింది. మెడలు వంకర తిరిగి పడిపోతున్నాయన్నారు. గోల్‌బజార్‌లో కోళ్ళ గంపలు ఖాళీ అయ్యాయి. మేరీ పిన్ని హడలిపోయి పశువుల డాక్టర్‌ని పిలిపించింది. బెంగాలీ ఆయన. కోళ్ళకి సూదులు వేసి, తలెత్తి గోడ మీద నా దర్బారు చూసి, ఇదెవరి పని అని హిందీలో అడిగాడు. నేను గర్వంగా చెయ్యెత్తాను.

ఆయన తిట్టలేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. ఊరి పక్షులన్నీ ఒకే పళ్ళెంలో మూతులు పెడితే ఒకదాని రోగం అన్నిటికీ అంటుతుంది, రాలిన గింజలు, రెట్టలు కోళ్ళలో పడతాయి. తెగులు పోయేదాకా గింజలు వెయ్యొద్దు, పళ్ళెం బ్లీచింగ్ నీళ్ళతో కడిగి బోర్లించు అన్నాడు. పాపం అవి ఆకలితో చస్తాయి కదా డాక్టర్ బాబూ అని నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నువ్వు పెళ్ళి చేసుకుని రాకముందు ఏం తినేవో అదే తింటాయమ్మా అని ఆయన సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

సరే, మానేశాను. మర్నాడు మధ్యాహ్నం భోం కూసింది. పక్షులు వరసగా దిగాయి. పళ్ళెం లేదు. అవి నన్ను చూశాయి, నేను వాటిని చూశాను. తర్వాత అన్నీ కలిసి గోడ దిగి, వల కన్నాల్లోంచి దూరగలిగినవి దూరి, దూరలేనివి పైనెక్కి, మేరీ పిన్ని కోళ్ళ తొట్టి మీద పడ్డాయి.

చీపురు పట్టుకుని వాటిని తోలి తోలి అలిసిపోయి పిన్ని గోడ దగ్గరికొచ్చింది.

"నువ్వే నేర్పినావు, నువ్వే మరిపించు."

"ఎలా మరిపించమంటావు పిన్నీ?"

"నాకేటి తెల్సు. నీ మాట ఇంటాయన్నావు కదా, ఆటికి సెప్పు."

పక్షులకి చెప్పలేక మా ఆయనకి చెప్పాను. అన్నం తింటున్నాడు. వర్క్‌షాపులో మాట్లాడి క్రిస్మస్ దాకా మధ్యాహ్నం భోం ఆపించమన్నాను. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏటని సెప్పమంటావు? నా పెళ్ళాం పిచ్చుకలు భోంకి పాడైపోతన్నాయని సెప్పనా?"

"అలాగే చెప్పండి."

"ఫోర్‌మన్ నాకు పిచ్చాసుపత్రికి పాస్ రాయించి పంపుతాడే."

మగవాళ్ళతో పని కాదని నా బుర్రకే పదును పెట్టాను. భోంకి కాస్త ముందు నూకల బేసిను పట్టుకుని దూరంగా మైదానం వైపు నడిస్తే పక్షులన్నీ నా వెంట వచ్చేస్తాయి, కోళ్ళు బతికిపోతాయి. డాక్టరు వెయ్యొద్దన్నది ఇక్కడ కదా, అక్కడ కాదు కదా! చూశారా, తెలివంటే అలా ఉండాలి.

సందు మొగ దాకా వెళ్ళానో లేదో భోం కూసింది. ఆకాశంలో ఉన్నవన్నీ నా బేసిను చూశాయి. కాకులు నెత్తి మీద, పావురాలు భుజాల మీద, గోరింకలు ఏకంగా బేసిన్లో. అదే సమయానికి వర్క్‌షాపు గేటు తెరిచారు. వందల సైకిళ్ళు నాకెదురు. ముందు వరసలోనే మా ఆయన. ఎవరో బెంగాలీ దాదా సైకిలాపి, ఎవరి తాలూకో ఈ పిల్ల అన్నాడట. మా ఆయన తెలీదన్నాడట.

నేను మైదానం సంగతి మర్చిపోయి ఇంటివైపు పరిగెత్తాను. తెరిచి కనిపించిన మొదటి గేటులో దూరాను. అది మేరీ పిన్ని గేటు. చీర కాళ్ళకి చుట్టుకుని వెళ్ళి కోళ్ళ వల మీద బోర్లా పడ్డాను. గుంజలు విరిగాయి, వల కూలింది, కోళ్ళు బయటికొచ్చాయి. బేసిన్లో నూకలు పెరడంతా పరుచుకున్నాయి. కోళ్ళూ కాకులూ పావురాలూ పెళ్ళి పంక్తిలా ఒకేచోట కూచుని తిన్నాయి. డాక్టరు ఏది జరగకూడదన్నాడో అది నేను బల్ల వేసి వడ్డించినట్టు జరిపించాను.

మేరీ పిన్ని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మెట్టు మీద కూలబడి కొంగు నోట్లో పెట్టుకుంది. "మొదటిసారొస్తన్నారే కోడలా. నా పిల్లని ఆడిపోసుకుంటారు," అంది. అప్పుడు మాత్రం నాకు నిజంగా చచ్చిపోవాలనిపించింది.

ఇక చేసేదేముంది. కోళ్ళని పట్టి పిన్ని ముందుగదిలోకి చేర్చాం. తెగులు సద్దుమణిగేదాకా వాటి కాపురం అక్కడే. కిటికీలకి దోమతెర కట్టాం, గడప దగ్గర చెప్పులు మార్చుకుని లోపలికెళ్ళేవాళ్ళం. రెండు పూటలా గది, కోళ్ళ కాళ్ళు కడగడం, తొట్లు బ్లీచింగ్‌తో తోమడం నా శిక్ష. పిన్ని వాటి మధ్యే మంచం వేసుకుని రాత్రిళ్ళు లేచి ఒక్కోదాని మెడ తడిమి చూసుకునేది. ఒక్కటీ పోలేదు. గోడ మీద ఏమీ దొరక్క పిచ్చుకలు కూడా వారం తిరక్కుండా భోంని మర్చిపోయి, చెట్ల వెంట వాటి బతుకు అవి బతికాయి. డాక్టరు చెప్పింది ప్రతి అక్షరం నిజమైంది, నాకదో మంట.

క్రిస్మస్ ముందురోజు పిన్ని కత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నా వల్ల కాదే. ఆ ఎర్రది నా దిండు మీద తొంగుంటన్నాది. నువ్వు కొయ్యి," అంది.

నేనా? రోజూ కడిగిన కాళ్ళు వాటివి. ఇద్దరం కత్తి వంక కాసేపు చూసి, సంచీ తీసుకుని గోల్‌బజార్ వెళ్ళి వంకాయలు తెచ్చాం.

వియ్యంకులు దిగారు. తెగులు తగ్గిందని కోళ్ళని అప్పటికే పెరట్లోకి పంపేశాం. వియ్యపురాలు పట్టుచీర సర్దుకుని ముందుగదిలో మెత్త వేసిన కుర్చీలో కూచుంది. కోడికూర వాసన రావడం లేదేమిటా అని ముక్కు ఎగబీలుస్తోంది. ఇంతలో ఎర్రకోడి గడప దాటి తిన్నగా ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ ఉష్ అంది. అది కదల్లేదు, మెడ సాచి క్కొ క్కొ అని కసిరింది. నేను పిన్ని వంక చూశాను, పిన్ని పైకప్పు వంక చూసింది. చివరికి పిన్నే చేతులు కట్టుకుని ముందుకొచ్చింది.

"ఏటనుకోకండి వదినా, కాస్త లెగాల. అది గుడ్డెట్టే కుర్చీ అది."

ఆవిడ లేచింది. కోడి ఎక్కి కూచుంది. అందరం నిలబడే ఉన్నాం, అది పని ముగించేదాకా.

కనుక ఇందుమూలంగా సమస్త పక్షిజాతికీ, వియ్యపురాళ్ళకీ తెలియజేసుకునేదేమంటే: తెగులు రోజుల్లో ఒక్క నూక కూడా విదల్చను. తెగులు లేనప్పుడు వేసినా పళ్ళెం కడిగి, ఏ పూటకా పూట వేళ మార్చి, కోళ్ళకి ఆమడ దూరంలో వేస్తాను. ఎవరింటికెళ్ళినా కుర్చీ ఎవరిదో కనుక్కోకుండా కూచోను. వియ్యపురాలి కళ్ళముందు ఆ కుర్చీలో పడిన గుడ్డు మీద ఒట్టు.