వదిన చెప్పిన అంకె

మా వదిన పోయిందని నాకు కాటా దగ్గర తెలిసింది. పొద్దున ఏడు గంటలకే మండీలో పసుపు బస్తాలు తూకానికి వచ్చాయి. మూడో బస్తా ఎక్కిస్తుండగా అన్న ఫోన్ చేశాడు. "ఒరేయ్, మీ వదిన ఎంత లేపినా లేస్తాలేదురా. దిండంతా తడిసిపోయుండాది. నువ్వు బిరీన రా" అన్నాడు. ఆ గొంతులో భయం కంటే విసుగే ఎక్కువ వినిపించింది, ఆమె ఏదో మొండికేసి పడుకున్నట్టు. నేను పోయేసరికి పక్కింటివాళ్లు ఆమె కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టేసి ఉన్నారు.

ఇది జరిగి నెల దాటింది. నేను చదువుకున్నవాణ్ని కాదు. బస్తాల మీది అంకెలు చూసి అంకెలు, పాత పేపర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. మైదుకూరులో పసుపు, చెనిక్కాయలు కొనే ఒక మండీలో ముప్ఫై ఏళ్లుగా తూకం నా పని. ఏ రోజు ఏం తూచానో ఆ రోజే రాసిపెట్టుకోవడం తప్ప వేరే రాత తెలియదు. ఆమె గురించి ఎవరితోనూ మాట్లాడలేక ఇది రాస్తున్నాను.

వదిన మా ఇంటికి వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్లు. అమ్మ అప్పటికే లేదు. వరసగా వానలు లేని ఏళ్లు అవి. సంగటి ఉడికితే ఇంట్లో ఎంతమందికి ఎంత పెట్టాలో తేల్చే పని కొత్త కోడలి మీద పడింది. ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పళ్లెం ముందు కూర్చోగానే, "యాడ, కడుపు చూపీ" అని చొక్కా ఎత్తించి అరచెయ్యి పెట్టి చూసేది. ఆ తరువాతే ముద్ద. ఒకసారి మా నాయనను కూడా అడగబోయి నాలుక కరుచుకుంది. నేను పొలం కాడ చెనిక్కాయలు తినేసి వచ్చిన రోజు ఆ చెయ్యి కనిపెట్టేసేది. "నీకు అర ముద్ద చాలప్పా, యాడనో మేసొచ్చినావు" అనేది. నిజంగా ఆకలిగా ఉన్న రోజు తన పళ్లెంలోది తీసి పెట్టేది.

కరువు చూసినవాళ్లు పళ్లెంలో మెతుకు మిగల్చరు. కడుపు నిండినా సరే, ఊడ్చి తింటారు. వదిన అట్లా కాదు. నిండిందనిపిస్తే ఆగేది. కడపటి ముద్ద తీసి గోడ మీద పెట్టేది, కాకులకో ఉడతలకో. అన్న కోప్పడితే, "కరువులో ఆకలి తెలుసు, తిండి తెలీదు. ఇప్పుడు తిండి తెలుసు, ఆకలి తెలీకుండా పోయుండాది మనకు" అనేది.

యాభై దాటినాక ఆమెకు షుగరు బయటపడింది. ఆస్పత్రిలో మాత్రలతో పాటు ఒక కాగితం ఇచ్చారు. ఏమి తినకూడదో వరసగా అచ్చు వేసి ఉంది. ఆమెకు చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. చివరిదాకా విని, "ఇందులో గాలి పీల్చుకోవచ్చునని యాడన్నా రాసినారేమో చూడప్పా" అంది. అయినా రెండు నెలలు ఆ కాగితం చెప్పినట్టే నడిచింది. చిక్కిపోయింది. దేనికైనా కసురుకునేది.

ఉగాది మరుసటి రోజు మధ్యాహ్నం కొర్రల మూట కోసం వాళ్ల కొట్టుగదిలోకి పోయాను. అన్నావాళ్ల ఇంటికీ మా ఇంటికీ గోడ ఒకటే, వాకిళ్లు వేరు. చీకట్లో వదిన నిలబడి ఓళిగలు తింటూ ఉంది. నన్ను చూసి ఆపలేదు. నాలుగోది కూడా మింగేసి, "పోయి మీ అన్నకు చెప్పుకో" అంది. నేను చెప్పలేదు. రెండు గంటలు కాకముందే చెమటలు పట్టి, చేతులు వణికి, అరుగు మీద కూలబడిపోయింది. ఖాళీ కడుపు మీద తీపి పడితే ఆమె ఒంట్లో చక్కెర అట్లా ఎగిరి అట్లా పడిపోయేది. ఆ సాయంత్రం నాతో ఒక మాట అంది. "ఇంగ దొంగతనంగా తిననప్పా. దొంగతిండికి లెక్క తెలీదు. తినాలనిపిస్తే అందరి ముందరా కూర్చొని తింటా."

అట్లాగే చేసింది. ఏదీ వద్దనుకోలేదు. ఆకలి అయినప్పుడే కూర్చునేది. ముందు ఆకుకూరో అలసందలో, తరువాత చిన్న సంగటి ముద్ద. అప్పటికీ ఓళిగ మీద మనసుంటే కడపటిగా సగం తుంచుకొని, నెయ్యి వేసుకొని, ఒక్కో ముక్కకు కళ్లు మూసుకొని తినేది. తిన్నాక వీధి చివరిదాకా నడిచి వచ్చేది. ఒక పెళ్లిలో వడ్డించే ఆడమనిషి లడ్డూలు కుమ్మరించబోతూ, "తినక్కా, ఒకరోజుకేమైతాది!" అంటే, "ఒకరోజు దాకా ఎందుకమ్మా, నాకు రెండు గంటలకే అయితాది" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. పంక్తి పంక్తంతా నవ్వింది.

వదిన కూతురు కల్లూరులో ఉంటుంది. ఆ అమ్మాయి పిలిపించి కర్నూలులో ఒక డాక్టరమ్మకు చూపించింది. తోడు నేనే పోయాను. వదిన తన తిండి సంగతంతా చెబితే డాక్టరమ్మ శ్రద్ధగా వింది. "ఆకలి తెలుసుకొని తినడం మంచిదేనమ్మా. కానీ వేలు పొడిచి షుగరు చూసే మిషన్ ఒకటి కొనుక్కోండి, రోజూ చూడటం వదలొద్దు. ఒళ్లు చెప్పే గుర్తులు ఏళ్లు గడిచేకొద్దీ మందగిస్తాయి. తిండి తగ్గితే మాత్ర కూడా తగ్గించాల్సి వస్తుంది, అప్పుడు నాకు చెప్పండి" అంది. బస్టాండులో ఒక పుస్తకం కొని, బస్సులో కూర్చోగానే ఆ మాటలు దాని మొదటి పేజీలో రాసుకున్నాను. ఈ రోజుకూ అక్కడే ఉన్నాయి.

మిషన్ కొన్నాం. రోజూ పొద్దున మండీకి పోయేముందు ఆమె వేలు పొడిచి చూసి రాయడం నా పని అయింది. మొదటి రోజే వదిన చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఆగప్పా కాటా, ముందు నేను చెప్తా. నూట అరవై." మిషన్ నూట డెబ్బై రెండు చూపించింది. నాకు కాటా అనే పేరు పెట్టింది ఆమే. మరుసటి రోజు నుంచి పుస్తకంలో రెండు గడులు గీశాను, ఒకటి వదినది, ఒకటి మిషన్‌ది. నెత్తురు తుడుచుకోవడానికి దూది ఇస్తే తీసుకునేది కాదు. ఆ వేలిని వరస చివర కాగితానికి అద్ది, "నాకు సంతకం రాదు గదా, ఇదే నా వేలిముద్ర" అనేది. ప్రతి వరస చివరా ఒక చిన్న చుక్క. ఎండితే పోకచెక్క రంగుకు తిరిగేది.

ఏడాది గడిచేసరికి రెండు గడులూ దగ్గరికి వచ్చాయి. ఆమె నూట ముప్ఫై అంటే మిషన్ నూట ఇరవై ఆరు. నూట యాభై అంటే నూట యాభై. ఎట్లా తెలుస్తుందని అడిగితే కడుపు మీద చెయ్యి పెట్టుకొని, "నోరు ఎండిందా, కాళ్లు బరువుగా ఉండాయా, రాత్రి ఏం తినింటిని అని అడుగుతా. అదే చెప్తాది" అనేది. అన్న వాకిట్లో కూర్చొని ఎగతాళి చేసేవాడు. "ఆ మిషన్ను పారెయ్‌రా. మీ వదిన్నే ఆస్పత్రిలో కూర్చోబెడదాం." వదిన ఊరుకునేది కాదు. "కూర్చుంటా. మొదట నీ కడుపే చూస్తా. ఆకలి లేకుండా తినేటోళ్లలో నువ్వే పెద్దోనివి." అట్లా ఆరేళ్లు నడిచింది. మా ఇళ్లలో రోజూ నవ్వు వినపడేది ఆ పది నిమిషాల్లోనే.

ఇక ఈ ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం అరుగు మీద కాలు పెట్టలేని ఎండలు. వదిన తిండి తగ్గింది. రెండు ముద్దల మజ్జిగన్నం తిని చెయ్యి కడుక్కునేది. "ఆకలి ల్యాదప్పా. ల్యానప్పుడు తినకూడదని నేనే కదా చెప్తిని" అనేది. ఆమె మాట మీద ఆమె నిలబడింది. వేసుకునే మాత్ర మాత్రం తగ్గలేదు, ఎప్పటిదే. పొద్దున లేచేసరికి దిండు తడిగా ఉంటోందని అన్న ఒకటి రెండుసార్లు అన్నాడు. ఎండాకాలం కదా అనుకున్నాం.

ఒకరోజు ఆమె నూట నలభై అంది. మిషన్ అరవై ఎనిమిది చూపించింది. ఆమె చేతుల్లో వణుకు లేదు, ముఖాన చెమట లేదు. "నీ మిషన్ ముసలిదైపోయిందప్పా, నాకంటే ముందు" అని నవ్వింది. మరుసటి రోజు ఆమె నూట ముప్ఫై, మిషన్ యాభై తొమ్మిది. బ్యాటరీ మార్చాను. మిషన్‌లో నెత్తురు అద్దే పట్టీలు కొత్తవి కొన్నాను. అరవై రెండు.

నేను చేసిన తప్పు చెప్పాలి. మండీలో పొద్దున తూకం మొదలుపెట్టేముందు కాటా మీద ఇరవై కిలోల ఇనుప రాయి పెట్టి చూస్తాం. కాటా ఇరవై చూపకపోతే కాటాను సరిచేస్తాం. రాయిని ఎవడూ అనుమానించడు. ముప్ఫై ఏళ్లు నా చేతులు ఆ పనికే అలవాటుపడ్డాయి. ఆరేళ్లుగా అంకె తప్పని మనిషి నా ముందు కూర్చొని ఉంది. ఆమె రాయి, మిషన్ కాటా అనుకున్నాను. తేడా వస్తే కాటాదే తప్పు అనుకున్నాను. మనిషి రాయి కాదని, మనిషి అరుగుతుందని నాకు తట్టలేదు. నా వేలు పొడుచుకొని చూసుకున్నా తెలిసిపోయేది. ఆ మిషన్ ఎదురుగా కూర్చొని ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

మొదటి పేజీ తిప్పి చూడలేదు. డాక్టరమ్మకు ఫోన్ చెయ్యలేదు. అన్నకు చెప్పలేదు, కల్లూరుకు చెప్పలేదు. అంకెలు రాసుకున్నాను, అంతే. తక్కువ మాట్లాడేవాడు మంచివాడని మా ఊళ్లో నాకు పేరు. కొట్టుగదిలో చూసింది చెప్పనందుకు వదిన కూడా నన్ను మెచ్చుకుంది. ఆ అలవాటే ఇక్కడికి తెచ్చింది.

మిషన్‌ను కడపలో ఇచ్చి మార్పించాలని నా సంచిలో వేసుకున్నాను. మండీలో పసుపు రాక ఎక్కువై పోవడానికి వీలు కాలేదు. ఐదు రోజులు వదిన అంకె ఒక్కటే రాశాను. "మేలు, వేళ్లకు సెలవు దొరికింది" అంది ఆమె.

ఐదో రోజు సాయంత్రం, ఎండ తగ్గినాక, నేను అన్నావాళ్ల అరుగు మీద కూర్చున్నాను. వదిన పెందలకడనే తినేసింది, తిన్నదని చెప్పడానికి రెండు ముద్దలు. మూడోది తీసి గోడ మీద పెట్టింది. మాత్ర వేసుకుంది. పసుపు అంటిన నా చేతులు చూసి, "కడుక్కోని తినప్పా, కడుపులోకి పోతాది" అంది. తరువాత, "పుస్తకం ఉండాదా? రేపటిది ఇప్పుడే చెప్తా, రాసుకో. పొద్దున్నే వచ్చి నన్ను లేపొద్దు, ఎందుకో నిద్ర సాల్తాల్యా. నూట ఇరవై" అంది.

"రేపటిది ఇప్పుడే ఎట్లా తెలుస్తాది వదినా?" అన్నాను.

"నాకు తెలుస్తాదిలే. రాయి."

రాశాను.

మరుసటి పొద్దున ఆమె లేపొద్దు అందని లేపకుండానే మండీకి పోయాను.

చూడవచ్చిన డాక్టరు, నిద్రలో చక్కెర బాగా పడిపోయి ఉంటుందని, గట్టిగా చెప్పలేమని అన్నాడు. కర్మాంతరం అయిన మూడో రోజు నేను రక్తపరీక్ష చేసేచోటికి పోయి చేతి నుంచి రక్తం ఇచ్చాను. అక్కడే కూర్చొని, సంచిలోంచి మిషన్ తీసి నా వేలు పొడుచుకున్నాను. మిషన్ నూట ఒకటి చూపించింది. సాయంత్రం వాళ్లిచ్చిన కాగితంలో నూట నాలుగు ఉంది. మిషన్ మంచిదే. ఎప్పుడూ మంచిదే.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. అన్న చదువుతాడు. చదివి నన్ను ఏమన్నా పడతాను. ఏమీ అనకపోతేనే కష్టం. ఆయన ఇప్పుడు పళ్లెం ముందు కూర్చొని చాలాసేపు ఊరికే చూస్తుంటాడు. మొన్న ఉన్నట్టుండి, "నాకు ఆకలిగా ఉండాదంటావారా?" అని అడిగాడు. చెయ్యి పెట్టి చూసే మనిషి లేదు. ఆమె పద్ధతి తప్పని నేను అనను. ఆ పద్ధతితో ఆరేళ్లు ఆమె నవ్వుతూ తిన్నది, సంతోషంగా తిన్నది. దాని పక్కన రెండో గడి ఉండాలి, ఆ గడి చూసేవాడు నోరు తెరవాలి. ఆమె తన వంతు చేసింది. రెండో వంతు నాది.

పుస్తకం నా దగ్గరే ఉంది. మొదటి పేజీ దాటితే ప్రతి వరస చివరా పోకచెక్క రంగు చుక్క, ఆరేళ్ల చుక్కలు. చివరి ఆరు వరసలకు లేవు. ఆఖరి వరసలో ఆమె గడిలో నూట ఇరవై అని ఉంది, నా వేలి పసుపు అంటుకొని. పక్క గడి తెల్లగా ఉంది.